బొటనవేలి కింది మీట

రికో జీఆర్ 3 కెమెరాను కుడిచేత్తో పట్టుకుంటే, బొటనవేలు ఆగే చోటుకు కాస్త పైన ఒక చిన్న మీట తగులుతుంది. దాని పేరు ఏడీజే. బయటికి కనిపించేది గోరంతే. కుడికి కదులుతుంది, ఎడమకు కదులుతుంది, వదిలేస్తే నడిమికి వచ్చి నిలబడుతుంది. లోపలికి నొక్కితే నొక్కుకుంటుంది కూడా. పక్కకు తోస్తే జరిగే పని వేరు, నొక్కితే జరిగే పని వేరు. ఒకటి చేయబోతే ఇంకొకటి జరగకుండా ఆ రెండు కదలికలకూ కావలసిన బలాన్ని వేరువేరుగా అమర్చారు. పక్కకు తోయడానికి వేలి కొస చాలు. లోపలికి నొక్కాలంటే మాత్రం నొక్కాలనుకుని నొక్కాలి. పుష్యమాసపు చలిలో వేళ్లు కొంకర్లు పోయినప్పుడు కూడా ఆ తేడా వేలికి తెలుస్తుంది. ఈ కెమెరా మీద నాకు గౌరవం కలిగింది ముందు ఈ మీట వల్ల, తర్వాతే లెన్సు వల్ల.

బ్యాటరీ, కార్డు కలుపుకుని దీని బరువు 257 గ్రాములు. వెడల్పు పదకొండు సెంటీమీటర్ల లోపే. 2019 మార్చిలో అమ్మకానికి వచ్చింది. జూమ్ లేదు, ఒంట్లో ఫ్లాష్ లేదు, కన్ను ఆనించి చూసే కిటికీ లేదు. ఇన్ని తీసేసిన వాళ్లు, చొక్కా జేబులో పట్టే ఒంట్లో పెద్ద కెమెరాల సైజు ఏపీఎస్-సీ సెన్సర్ కూర్చారు. దాని ముందు 28 ఎంఎం చూపునిచ్చే ఒకే ఒక్క లెన్సు పెట్టారు. మిగిలిన శ్రద్ధంతా బటన్ల మీద పెట్టారు. చూపుడువేలి కింద షట్టర్, దాని ముందు ఒక చక్రం, పైన మోడ్ డయల్, ఆ డయల్ జేబులో దానంతటదే తిరిగిపోకుండా పక్కన చిన్న తాళపు బటన్. వెనక బొటనవేలికి ఏడీజే, ఎఫ్‌ఎన్, నాలుగు దిక్కుల బటన్, మెనూ. ఎడమ పక్కన ఉన్నది వీడియో బటన్ ఒక్కటే. అంటే ఫొటో తీయడానికి ఎడమచెయ్యి అక్కర్లేదు. జాతరలో, సంతలో, బండి మీద కూర్చుని వెళ్తూ ఎడమచెయ్యి ఖాళీగా ఉండటం ఎంత అవసరమో అక్కడ తిరిగినవాళ్లకు తెలుసు.

బటన్ లోపల ఏముంటుందో ఒకసారి చూడాలి. ఉబ్బెత్తుగా వంచిన పలచటి లోహపు రేకు ఒకటి ఉంటుంది. వేలి బరువు ఒక హద్దు దాటగానే ఆ రేకు ఒక్కసారిగా కిందికి వంగి రెండు తీగల కొసలను కలుపుతుంది. వేలికి తెలిసే ‘టక్’ అదే. వేలు తీయగానే రేకు పైకి లేస్తుంది. షట్టర్ బటన్‌లో ఇలాంటి మెట్లు రెండు: సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. బటన్ చేసే పని ఇంతవరకే. తీగలు కలిశాయన్న కబురు ప్రాసెసర్‌కు చేరుతుంది. ఆ కబురు అందాక ఏం చేయాలన్నది కెమెరా జ్ఞాపకంలో రాసిపెట్టిన ఆదేశాలు చెబుతాయి. ఆ ఆదేశాల మూటే ఫర్మ్‌వేర్. ఐఎస్‌ఓ బటన్‌ను ఐఎస్‌ఓ బటన్ చేసింది దాని మీద అచ్చువేసిన అక్షరాలు కావు, లోపలున్న పట్టికలోని ఒక వరుస. ఆ వరుసను తిరగరాస్తే బటన్‌కు కొత్త ఉద్యోగం వస్తుంది. స్క్రూ తిప్పాల్సిన పని లేదు, రేకు మార్చాల్సిన పని లేదు.

ఈ సంగతి కంపెనీలకు మొదట్నించీ తెలుసు. వాడేవాళ్లకు ఆ పట్టికను ఎంతవరకు తెరిచి ఇవ్వాలన్న దగ్గరే ఒక్కొక్కరిది ఒక్కో తీరు. 2011లో ఫుజీఫిల్మ్ ఎక్స్100 వచ్చినప్పుడు దాని వెనక ‘రా’ అని రాసిన బటన్ ఒకటి ఉండేది. ముడి ఫైలు కావాలంటే నొక్కడానికి పెట్టారు. కెమెరాను ఎప్పుడూ ముడి ఫైలులోనే ఉంచేవాళ్లకు అది ఉత్త అలంకారం. తర్వాత వచ్చిన ఫర్మ్‌వేర్‌లో ఆ బటన్‌కు మనకు నచ్చిన పని అప్పగించుకునే వీలు కల్పించారు. బటన్ మీద అక్షరాలు అలాగే ఉన్నాయి, పని మారింది. 2013 అక్టోబరులో వచ్చిన ఇంకో ఫర్మ్‌వేర్ అదే కెమెరాకు చేత్తో ఫోకస్ చేసేటప్పుడు అంచులు మెరిసే సదుపాయాన్ని తెచ్చింది. అప్పటికి దాని తర్వాతి కెమెరా ఎక్స్100ఎస్ దుకాణాల్లో ఉంది. పాతది పక్కన పడేసి కొత్తది కొనమనడం వ్యాపారానికి తేలిక. ఆ తేలిక దారి పట్టనందుకు ఆ ఇంజనీర్లను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

కానన్ పవర్‌షాట్ కెమెరాల కథ ఇంకా బాగుంటుంది. అక్కడ ఈ పని చేసింది కంపెనీ కాదు, వాడుకదారులు. కొందరు ప్రోగ్రామర్లు కలిసి సీహెచ్‌డీకే అనే అదనపు ఫర్మ్‌వేర్ రాశారు. అది మెమరీ కార్డు మీద నుంచే నడుస్తుంది, కెమెరా అసలు ఫర్మ్‌వేర్‌ను ముట్టుకోదు. కార్డు తీసేస్తే కెమెరా మళ్లీ కంపెనీ కెమెరానే. చవక కెమెరాకు ముడి ఫైళ్లు, తెర మీద వెలుగు గ్రాఫు, నిర్ణీత వ్యవధుల్లో తనంతట తానే ఫొటోలు తీసే స్క్రిప్టులు వచ్చాయి. మరి ఇన్ని కొత్త పనులకు తలుపు ఎక్కడ పెట్టాలి? చాలా మోడళ్లలో ప్రింటర్‌కు నేరుగా ఫొటో పంపే బటన్ ఒకటి ఉండేది. దాన్ని వాడినవాళ్లు అరుదు. ఆ బటన్‌నే తలుపు చేశారు. ఎవరూ నొక్కని బటన్‌ను వెతికి పట్టుకుని దానికి అన్నిటికన్నా పెద్ద పని ఇవ్వడం మంచి పనివాడి బుద్ధి.

మన పల్లెల్లో వడ్లాయన నాగలి చేసేటప్పుడు దున్నేవాణ్ణి ఎదురుగా నిలబెట్టి మేడి ఎత్తు చూసుకునేవాడు. కర్రు అందరికీ ఒకటే, మేడి మాత్రం ఆ మనిషి నడుముకు తగ్గట్టు. కెమెరాలో ఆ మేడిని ఎవరికి వాళ్లు అమర్చుకునేలా వదిలిపెట్టారు. అమర్చుకోవడం మనం నేర్చుకోవాల్సిన పని.

నా కెమెరాను ఏ పనికోసం అమర్చుకోవాలో నాకు తేల్చింది ఝరాసంగం ప్రాంతం. సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ పక్కన, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న నేల అది. ఎర్ర నేలలు, వానకు కట్టుబడిన సేద్యం. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వర స్వామి గుడి ఉంది. మిగతా చోట్ల శివుడికి పెట్టని మొగలిపువ్వు ఇక్కడ పూజకు పనికొస్తుంది. శివరాత్రికి తెలంగాణ నుంచే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ జనం వస్తారు. ఆ మండలంలోనిదే మాచ్‌నూర్ అనే ఊరు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు సంక్రాంతి నుంచి ఊరూరా ఎడ్లబండ్ల మీద నడిపే పాత పంటల జాతర ముగిసేది మాచ్‌నూర్‌లోనే. బండ్ల మీద కొర్రలు, సామలు, సజ్జలు, పచ్చజొన్న, తెల్లజొన్న, కందులు, అనుములు, కుసుమలు. ఒక్కో విత్తనానికి ఒక్కో కుండ, ఒక్కో బుట్ట. ముందు డప్పు, వెనక పాట, వెంట ఊరు.

అక్కడి ఎండ కెమెరాకు పరీక్ష. ఫిబ్రవరి పొద్దున పదింటికే ఆకాశం తెల్లబడుతుంది. ఎండలో నిలబడ్డ ఎద్దు తెలుపు, బండి మీద ఆరేసిన జొన్నకంకి తెలుపు, పెద్దమనిషి పంచె తెలుపు. వాటి నడుమ పొలంలో పనిచేసి నల్లబడ్డ ముఖం, దాని మీద కొంగు నీడ. కెమెరా తన లెక్క తాను వేసుకుంటే ఆకాశాన్ని చూసి భయపడి ముఖాన్ని ముంచేస్తుంది, లేకపోతే ముఖాన్ని చూసి ఆకాశాన్ని కాల్చేస్తుంది. ఇక్కడ ప్రతి ఫొటోకూ వెలుగు దిద్దాలి. అందుకే ఏడీజే మీటను పక్కకు తోస్తే ఎక్స్‌పోజర్ పెరగడం, తగ్గడం అన్న పనిని నేను కదిలించను. కంపెనీ ఇచ్చింది అలాగే ఉంచాను. అన్నీ మార్చుకునే వీలున్నప్పుడు కూడా మార్చకూడనిది ఒకటి ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడమే మొదటి అడుగు. ముఖం మీద కొంగు నీడ పడిందని కంటికి కనబడగానే బొటనవేలు రెండు మెట్లు తోస్తుంది. తెర వైపు చూడాల్సిన పని లేదు, ఆ ఎండలో తెర కనబడదు కూడా.

2013 నాటి జీఆర్‌లో వెలుగు దిద్దడానికి బొటనవేలి పక్కనే ప్లస్, మైనస్ రాసిన విడి బటన్ ఉండేది. జీఆర్ 3 ఒళ్లు తగ్గించేటప్పుడు దాన్ని తీసేసి ఆ బరువు ఏడీజే మీద వేశారు. చాలామంది నొచ్చుకున్నారు. 2025లో వచ్చిన జీఆర్ 4లో ఆ బటన్ తిరిగి వచ్చింది. విడి బటన్ మంచిదే. అయినా పనంతా ఒక్క మీటకు అలవాటుపడ్డాక ఆ మీట మీద నమ్మకం ఎంత పెరుగుతుందో నాకు తెలిసొచ్చింది. బొటనవేలు వెతుక్కోదు, వెళ్లిన చోటే ఆగుతుంది.

మీటను లోపలికి నొక్కితే ఐదు పనుల వరుస ఒకటి తెర మీద పరుచుకుంటుంది. ఆ ఐదూ ఏమిటన్నది మన ఇష్టం. చాలామంది ఈ చోటు దొరికింది కదా అని రంగుల ఎఫెక్టులతో నింపేస్తారు. నాకది చోటు వృథా. రంగు ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. చేతిలో కెమెరా ఉండగా తేలాల్సినవే అక్కడ ఉండాలి. వెలుగు కొలిచే పద్ధతి మొదట పెట్టాను. జీఆర్ 3లో తెల్లని భాగాలను కాపాడే కొలత ఒకటి ఉంది. ఎద్దుల మీద, కంకుల మీద ఎండ పడ్డప్పుడు అదే కావాలి. మనిషి ముఖం దగ్గరికి వచ్చేసరికి మామూలు కొలతకు తిరిగిరావాలి. రెండోది స్నాప్ దూరం. మూడోది ఐఎస్‌ఓ హద్దు. మిగతా రెండింటి సంగతి చెప్పుకోదగినది కాదు.

స్నాప్ దూరం గురించి ఆగి చెప్పాలి. ఈ కెమెరాలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన అదే. షట్టర్‌ను సగం నొక్కి ఆగితే కెమెరా ఫోకస్ వెతుక్కుంటుంది. ఆగకుండా ఒక్క ఊపులో చివరిదాకా నొక్కేస్తే వెతకడం మానేసి, మనం ముందే చెప్పిపెట్టిన దూరంలో ఫోకస్ ఉంచి ఫొటో తీసేస్తుంది. వేలు ఎంత తొందరలో ఉందో కెమెరా అది నొక్కే తీరును బట్టి కనిపెడుతుంది. ఒకే బటన్ రెండు మాటలు వింటుంది. లెక్క వేసి చూస్తే దీని బలం తెలుస్తుంది. 18.3 ఎంఎం అసలు నాభ్యంతరం ఉన్న ఈ లెన్సును ఎఫ్ 8 దగ్గర ఉంచి దూరం మీటరున్నర పెడితే, సుమారు 90 సెంటీమీటర్ల నుంచి ఐదు మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి, ఆమె చేతిలోని చేట, ఆమె వెనక నిలబడ్డ మనవరాలు, ఇంకా వెనక బండి చక్రం. అదే ఎఫ్ 8 మీద దూరం రెండు మీటర్లు చేస్తే మీటరు నుంచి కనుచూపు మేర దాకా దాదాపు అంతా పడుతుంది. అందుకే మీటరున్నర కూర్చున్నవాళ్లకు, రెండు మీటర్లు నడుస్తున్న బండికి. ఈ రెంటి మధ్య మారడానికే ఏడీజే వరుసలో దానికి చోటిచ్చాను.

కూర్చున్న మనిషి అన్నాను. మాచ్‌నూర్ చుట్టుపక్కల ఊళ్లలో కెమెరా పట్టిన ఆడవాళ్ల పని తెలిసినవాళ్లకు ఈ మాట ఎటు పోతుందో ఈపాటికి అర్థమై ఉంటుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాన్ని నడిపించినవారిలో ముఖ్యుడైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి, 2023 మార్చిలో కన్నుమూశారు. 1990ల రెండో సగంలో సంఘాల్లోని ఆడవాళ్లకు, ఎక్కువమంది బడి మొఖం చూడని దళిత రైతుకూలీలకు, వీడియో కెమెరా చేతికిచ్చి నేర్పడం మొదలైంది. 2001 నాటికి అది కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ అయింది. కెమెరా మీద రాసి ఉన్నదంతా ఇంగ్లిషు. రాత వాళ్లకు అడ్డు కాలేదు. బటన్ ఎక్కడ ఉందో, దాని ఆకారం ఏమిటో, నొక్కితే ఏం జరుగుతుందో చేతితో నేర్చుకున్నారు. కెమెరా తయారుచేసేవాళ్లు కోరుకునేది సరిగ్గా ఇదే: చదవకుండా వేలికి దొరకాలి. ఖరీదైన పరిశోధనలు చేసి కంపెనీలు చేరాలనుకున్న చోటికి ఆ చేతులు తొలి రోజు నుంచే వచ్చి కూర్చున్నాయి.

వాళ్లు షాట్లకు తమదైన పేర్లు పెట్టుకున్నారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. అరుగు మీద కూర్చుని కిందున్నవాళ్లను చూసే చూపు ఎవరిదో ఆ ఊళ్లలో అందరికీ తెలుసు. ఎదుటి మనిషి కంటి ఎత్తులో ఉంటే సంఘం షాట్, సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి. హుమ్నాపూర్ లక్ష్మమ్మ వంటివాళ్లు ఈ పద్ధతిని మాటల్లో పెట్టి బయటి లోకానికి వినిపించారు. ఈ కళ్లతోనే వాళ్లు 2003లో వరంగల్ రైతుల బీటీ పత్తి కష్టాన్ని సినిమాగా తీశారు. 2007 నాటి సినిమాకు మాలి, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్, ఇండోనేషియాల పత్తి రైతుల దగ్గరికి వెళ్లారు. భాష రాని దేశంలో ఎదుటి రైతు కళ్ల ఎత్తుకు కెమెరాను దించడం తెలిస్తే సగం పరిచయం అయిపోయినట్టే.

వాళ్లలో వీడియో తీసే అక్క ఒకరి చేతిని జాతరలో దగ్గర్నుంచి గమనించాను. బండి పక్కన ముసలమ్మ విత్తనాల బుట్ట ముందేసుకుని కూర్చుంది. అక్క ముందు కొంగు నడుముకు బిగించింది, తర్వాత గొంతు కూర్చుంది, ఆ తర్వాతే కెమెరా తెరిచింది. మోచేతులు మోకాళ్ల మీద ఆనాయి, స్టాండు అవసరం తీరిపోయింది. కుడి బొటనవేలు రికార్డు బటన్ మీదికి వెళ్లింది కానీ నొక్కలేదు. ముసలమ్మతో ‘ఎన్ని రకాలున్నయవ్వా’ అని మాట కలిపింది. అవ్వ లెక్కపెడుతూ చెయ్యి బుట్టలో పెట్టాక బొటనవేలు కదిలింది. ఆ కదలిక అవ్వకు తెలియలేదు. అక్క చూపు ఒక్కసారి కూడా కెమెరా మీదికి దిగలేదు. చిత్రం ఎక్కడ మొదలుకావాలో ముందే అనుకుని, వేలిని అక్కడ కాపలా పెట్టి, మాటను నడిపిస్తూ కూర్చోవడం గొప్ప పనితనం. నా బటన్ల అమరిక మొత్తం ఆ బొటనవేలి దగ్గర నేర్చుకున్నదే.

గొంతు కూర్చుని, చేతులు ముందుకు చాచి, ఎదుటివాళ్ల కంటి ఎత్తులో చిన్న కెమెరా పట్టుకుంటే ఏమవుతుంది? తెర సరిగ్గా కనబడదు. చెయ్యి చాచినప్పుడు వేళ్ల బలం తగ్గుతుంది, బొటనవేలు పైకి జరుగుతుంది. దూరాన ఉన్న బటన్లు అందవు. అలా చాచిన చేతికి అందేవి మూడే: షట్టర్, ముందు చక్రం, ఏడీజే మీట. సంఘం షాట్‌కు కావలసినవన్నీ ఆ మూడింటిలోనే ఇమడాలి. ముందు చక్రంలో ఎఫ్ సంఖ్య, మీటలో వెలుగు, షట్టర్‌లో స్నాప్. నిలబడి రెండు చేతుల్తో తీసేటప్పుడు ఎలా అమర్చుకున్నా చెల్లుతుంది. కూర్చుంటేనే అమరికలో బలం, బలహీనత బయటపడతాయి. జీఆర్ 3 మోడ్ డయల్ మీద మన సొంత అమరికలు దాచుకునే గడులు మూడు ఉన్నాయి: యూ1, యూ2, యూ3. నా యూ1 ఇదే. ఎఫ్ 8, మీటరున్నర, ఐఎస్‌ఓ కెమెరాకే వదిలి, షట్టర్ వేగం మరీ పడిపోకుండా హద్దు. డయల్‌ను ఆ గడికి తిప్పగానే అన్నీ ఒకేసారి వచ్చి కూర్చుంటాయి.

తెరను తాకి ఫోకస్ మార్చే సదుపాయాన్ని పూర్తిగా ఆపేశాను. ఎర్రమట్టి దుమ్ము, చెమట, ముక్కు కొస తగలడం, ఏదైనా చాలు ఫోకస్ ఎటో పోవడానికి. ఎడమ పక్కనున్న వీడియో బటన్‌ను ఎటూ ఎడమచెయ్యి ఖాళీగా ఉన్నప్పుడే నొక్కుతాం కాబట్టి తొందర లేని పనే దానికి తగినది.

యూ2 ఝరాసంగం రాత్రికి. శివరాత్రి జాతరలో గుడి బయటి వీధి, గాజుల దుకాణాలు, పేలాలు, బత్తాసాలు, ట్యూబులైట్ల పచ్చటి వెలుగు, బల్బుల పసుపు. లెన్సు పూర్తిగా తెరిచి ఎఫ్ 2.8. అక్కడ స్నాప్ పనికిరాదు, తెరిచిన లెన్సుకు స్పష్టత లోతు చాలదు, ఫోకస్ వెతకనివ్వాల్సిందే. వేళ్లకు మాత్రం బటన్లు మారకూడదు. గడి మారినా ఏడీజే వెలుగే, చక్రం ఎఫ్ సంఖ్యే. యూ1కీ యూ2కీ విలువలే తేడా, బటన్ల పనుల్లో తేడా లేదు. ఒక్కో గడిలో ఒక్కో తీరుగా బటన్లు పెట్టుకుంటే చీకట్లో వేలు తడబడుతుంది. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతా అమరిక ఎవరికెలా నచ్చితే అలా ఉండొచ్చని నా అభిప్రాయం. యూ3 ఖాళీగా ఉంచాను.

ఇక ఫర్మ్‌వేర్ అప్‌డేట్. కంపెనీ ఇచ్చిన ఫైలును కంప్యూటర్లోకి దించి, కెమెరాలోనే ఫార్మాట్ చేసిన కార్డు మీద ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా బయటే ఉంచాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. మెనూ బటన్ నొక్కి పట్టుకుని పవర్ నొక్కితే తెర మీద పాత సంఖ్య, కొత్త సంఖ్య కనిపిస్తాయి. ఒప్పుకుంటే పని మొదలవుతుంది, అయ్యేదాకా కెమెరాను ముట్టుకోకూడదు. పాత ఆదేశాలు చెరిపి కొత్తవి రాస్తున్న ఆ కాసేపు కరెంటు పోతే కెమెరా సగం రాసిన పుస్తకంతో మిగిలిపోతుంది. అందుకే రేపు జాతర అనగా ఈ రాత్రి ఈ పని పెట్టుకోకూడదు.

అప్‌డేట్ తర్వాత నేను ముందు కొత్త సదుపాయాల జాబితా చూడను. ప్రతి బటన్‌నూ ఒక్కసారి నొక్కి చూస్తాను. మెనూలో కొత్త అంశం ఒకటి చేరితే వరుసలు జరుగుతాయి, కొన్నిసార్లు ఒక అమరిక ఫ్యాక్టరీ రోజుకు వెళ్లిపోతుంది. నోటుపుస్తకంలో ఒక పేజీ మీద కెమెరా వెనక భాగం బొమ్మ గీసి ఏ బటన్‌కు ఏ పని అన్నది రాసిపెట్టుకుంటాను. అప్‌డేట్ అయ్యాక పుస్తకం చూసి అన్నీ సరిచూస్తాను. ఆ తర్వాత కొత్త సదుపాయాల్లో దేనికైనా చోటివ్వాలా అని ఆలోచిస్తాను. ఒకటి లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. ఏడీజే వరుసలో ఉన్నవి ఐదే. ఆ ఐదు అన్న హద్దు పెట్టినవాళ్లది కూడా మంచి బుద్ధేనంటాను. ఇరవై పనులు పేర్చుకునే వీలిస్తే వరుస కూడా మెనూ అయిపోతుంది.

పని రాకముందే చేతిని సిద్ధం చేసుకోవడానికి మాచ్‌నూర్‌లో ఇంకో ఉదాహరణ ఉంది. అక్కడి సంఘం రేడియో 90.4 ఎఫ్‌ఎం మీద 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు రాసిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి.బి. సావంత్ దాన్ని ప్రారంభించారు. స్టూడియో మాత్రం యునెస్కో సాయంతో అంతకు పదేళ్ల ముందే తయారైంది. లైసెన్సు లేక ప్రసారం లేదు. ఆ పదేళ్లూ ఆడవాళ్లు పాటలు, సేద్యం ముచ్చట్లు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం సమావేశాల్లో వినిపించారు. రేడియో నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మిక్సర్ మీటల ముందు కూర్చునేసరికి చేతులు ఆ మీటలకు ఎంతో కాలంగా అలవాటుపడి ఉన్నాయి. అనుమతి వచ్చిన రోజు కొత్తగా నేర్చుకోవాల్సింది లేకపోయింది.

నా జీఆర్ మెనూలో తెలుగు లేదు. నికాన్ కూల్‌పిక్స్ కెమెరాలు కొన్ని తెలుగు మెనూతో వచ్చాయి, కాబట్టి చేయలేని పనేం కాదు. చిన్న తెర మీద ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడేలా అక్షరాలు కూర్చడం శ్రమే. అది కూడా ఫర్మ్‌వేర్‌తో అయ్యేదే, కెమెరా ఒంట్లో ఏ భాగమూ మారనక్కర్లేదు. మెనూ అవసరం లేకుండా పని నేర్చుకున్న ఆ ఊళ్ల ఆడవాళ్ల పిల్లలు ఇప్పుడు చదువుకుంటున్నారు, వాళ్ల చేతికి అలాంటి కెమెరా రావాలని నా కోరిక.

ఇంక తేలనిది ఎఫ్‌ఎన్ బటన్ ఒక్కటే. ఇప్పుడు దాని కింద క్రాప్ ఉంది. ఒకసారి నొక్కితే 28 ఎంఎం చూపు 35కు, మళ్లీ నొక్కితే 50కి దగ్గరవుతుంది. 24 మెగాపిక్సెళ్లు వరుసగా సుమారు 15కు, 7కు తగ్గుతాయి. ముసలమ్మ చేతిలో పిడికెడు కొర్రలకు 50 బాగుంటుంది. కానీ ఆ బటన్ అందుబాటులో ఉంటే నేను దగ్గరికి జరగడం మానేస్తున్నానా అన్న అనుమానం ఉంది. ఆ చోట ఫోకస్ పద్ధతి మార్పు పెట్టి, క్రాప్‌ను ఎడమ పక్కనున్న బటన్‌కు తోసేస్తే, 50 కావాలన్నప్పుడు ఎడమచెయ్యి కూడా రావాలి, ఆ లోపు రెండడుగులు జరిగి కూర్చోవడమే తేలికవుతుంది. ఈ మాఘంలో మాచ్‌నూర్ జాతరకు అలా అమర్చుకుని వెళ్తున్నాను.